సోలోకి వెళ్ళే ముందు: చిన్న ట్రైనర్ విమానంలో ప్రమాదాన్ని అది మొదలయ్యే చోటే ఎలా ఆపాలి

"గాల్లో ఇంజిన్ ఆగిపోతే ఎలా అండీ?" పైలట్ ట్రైనింగ్‌లో చేరబోయే పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు నన్ను మొదట అడిగేది ఇదే. కొందరు రెండోసారి ఫోన్ చేసి కూడా ఇదే అడుగుతారు. భయం న్యాయమైనదే. కానీ ఇంజిన్ దానంతటది ఆగిపోవడం అరుదు. చిన్న విమానాలకు ఎక్కువగా దెబ్బ తగిలేది ల్యాండింగ్‌లో. ప్రాణాల మీదకు తెచ్చేవి తక్కువ ఎత్తులో స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి), మబ్బుల్లోకి దూరడం, కరెంటు తీగలు. ఆగిపోయిన ఇంజిన్లలో కూడా చాలావాటికి కారణం ట్యాంకులో పెట్రోలు లేకపోవడమో, అందులో నీళ్ళు చేరడమో.

వీటన్నిటిలో నాకు కనిపించే విషయం ఒకటుంది. నిర్ణయం తీసుకోవాల్సిన సమయంలో చేతికి అందిన సెకన్లు రెండో మూడో. అంత తక్కువ సమయంలో ఎవరూ కొత్తగా ఆలోచించలేరు. అందుకే ఆ ఆలోచన నేల మీదే పూర్తి చేసి, కాగితం మీద అంకెల్లో రాసుకుని వెళ్ళాలి. నా విద్యార్థులందరి చేతా ఒక "హద్దుల కాగితం" రాయిస్తాను. ఈ వ్యాసంలో ఒక్కో మెట్టూ అయ్యేసరికి మీ కాగితంలో ఒకటో రెండో లైన్లు చేరతాయి.

ఇక్కడ ఇచ్చిన అంకెలు మన ఫ్లయింగ్ స్కూళ్ళలో ఎక్కువగా కనిపించే సెస్నా 152, సెస్నా 172ఎస్‌లవి. మీరు నడిపేది వేరే విమానమైతే దాని పుస్తకంలోని అంకెలే వాడండి. అమెరికాలో ట్రైనింగ్ తీసుకుంటున్న మన పిల్లలకు కూడా ఇవే మెట్లు పనికొస్తాయి. అక్కడి నియమాలు మాత్రం వేరుగా చూసుకోవాలి.

కావలసినవి

- మీరు నడపబోయే విమానం పీఓహెచ్, అంటే పైలట్ హ్యాండ్‌బుక్. అదే మోడల్‌కి చెందిన వేరే విమానంది కాదు, ఆ రిజిస్ట్రేషన్ విమానందే.
- ఆ విమానానికే కొలతలు వేసిన డిప్‌స్టిక్.
- పెట్రోలు పట్టి చూడటానికి మరకలు లేని, పారదర్శకమైన శాంపిల్ కప్పు.
- తాజా మెటార్ (విమానాశ్రయంలో ఇప్పటి వాతావరణం), టాఫ్ (రాబోయే గంటల అంచనా). రెండు గంటల కిందటి మెటార్ పనికిరాదు.
- మోకాలి బోర్డు, పెన్సిల్, చేతి గడియారం.
- ఒక తెల్లకాగితం. హద్దులు రాయడానికి. కింద ఇన్‌స్ట్రక్టర్ సంతకానికి చోటు వదలండి.

1. ముందు మిమ్మల్ని మీరు చూసుకోండి

రాత్రి నిద్ర ఎంత? జలుబు ఉందా? దానికి ఏ మాత్ర వేసుకున్నారు? జలుబు మాత్రల్లో చాలావాటికి మత్తు గుణం ఉంటుంది. మన దేశంలో మద్యం తీసుకున్నాక కనీసం 12 గంటలు విమానం ముట్టుకోకూడదు. ఇంట్లో గొడవ జరిగినా, మర్నాడు పరీక్ష ఉన్నా ఆ టెన్షన్ కాక్‌పిట్‌లోకి మీతోపాటే వస్తుంది. "ఇవాళ నా వల్ల కాదు సార్" అని చెప్పిన విద్యార్థిని మంచి ఇన్‌స్ట్రక్టర్ ఎవరూ తిట్టరు.

2. గాలి, మబ్బు లెక్క వేయండి

అడ్డగాలి లెక్కకి పెద్ద పట్టిక అక్కర్లేదు. రన్‌వే దిశకూ గాలి దిశకూ తేడా 30 డిగ్రీలైతే గాలి వేగంలో సగం అడ్డంగా తగులుతుంది. 45 అయితే 70 శాతం. 60 అయితే 90 శాతం. ఉదాహరణకి రన్‌వే 27, అంటే 270 డిగ్రీల దిశ. గాలి 330 డిగ్రీల దిశ నుంచి 14 నాట్లు (గంటకు సముద్ర మైళ్ళు), గస్టులు (ఉండుండి వచ్చే జోరు గాలులు) 20. తేడా 60 డిగ్రీలు. లెక్క 20 మీద వేయాలి, 14 మీద కాదు. 18 నాట్లు వస్తుంది. 172ఎస్ పుస్తకంలో పరీక్షించి చూపిన అడ్డగాలి 15 నాట్లు, 152కి 12. అవి కూడా అనుభవజ్ఞుడైన పైలట్ చేతిలో తేలిన అంకెలు. కొత్తగా సోలో (ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా) వెళ్ళేవాళ్ళకి నేను రాయించేది 6, మహా అయితే 8.

ఎక్కువమంది చేసే తప్పు గస్టును వదిలేసి సగటు గాలినే చూడటం. అది సరిగ్గా చూసినవాళ్ళు కూడా బయలుదేరేటప్పటి గాలే చూసి, తిరిగి వచ్చేటప్పటి గాలి మర్చిపోతారు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక మబ్బు ఎంత వేగంగా కడుతుందో ఊళ్ళో రైతులకు తెలుసు. ఉరుముల మబ్బుకు 20 మైళ్ళ దూరం పాటించండి. మబ్బు కింద వాన పడకపోయినా దాని గాలి మీ దాకా వస్తుంది. చలికాలం పొద్దున్నే ఉష్ణోగ్రతకీ డ్యూ పాయింట్‌కీ (గాలిలో తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) తేడా 2, 3 డిగ్రీలకు వచ్చిందంటే పొగమంచుకు సిద్ధంగా ఉండాలి.

2019 అక్టోబరులో వికారాబాద్ జిల్లా సుల్తాన్‌పూర్ దగ్గర పొలాల్లో ఒక సెస్నా కూలి ఇద్దరు ట్రైనీ పైలట్లు చనిపోయారు. ఆ రోజు ఆ ప్రాంతంలో వాతావరణం బాగా లేదు. ఆ వయసు పిల్లలకు చెబుతున్న ప్రతిసారీ నాకు అదే గుర్తొస్తుంది. ముందు చూపు తగ్గుతున్నట్టు అనిపించిన క్షణంలోనే వెనక్కి తిరగాలి. పరికరాలు చూస్తూ నిమిషానికి 180 డిగ్రీల వేగంతో, ఎత్తు మారకుండా తిరగండి. "ఇంకొంచెం ముందు తెరిపి ఉంటుందేమో" అనే మాట మనసులోకి వచ్చిందంటే అదే వెనుదిరగాల్సిన గుర్తు.

కాగితంలో: అడ్డగాలి హద్దు, చూపు హద్దు, మబ్బు ఎత్తు హద్దు. విజువల్ ఫ్లైట్‌కి (బయట చూస్తూ నడపడానికి) నియమం 5 కిలోమీటర్ల చూపు అడుగుతుంది. సోలోకి మీ ఇన్‌స్ట్రక్టర్ అంతకన్నా ఎక్కువే రాయిస్తారు.

3. ఎండను కూడా బరువులా లెక్కించండి

బేగంపేట రన్‌వే సముద్ర మట్టానికి సుమారు 1,740 అడుగుల ఎత్తున ఉంది. ఆ ఎత్తుకి ప్రామాణిక ఉష్ణోగ్రత పదకొండున్నర డిగ్రీలు. మే నెలలో 40 ఉందనుకోండి. తేడా ఇరవై ఎనిమిదిన్నర. ఒక్కో డిగ్రీకి 120 అడుగులు కలపాలి. మొత్తం 5,100 అడుగులు దాటుతుంది. విమానం నేల మీదే ఉంది, కానీ ఇంజిన్, రెక్కలు, ప్రొపెల్లర్ మాత్రం ఐదు వేల అడుగుల మీద ఉన్నట్టే పనిచేస్తాయి. ఇంజిన్ శక్తి దాదాపు 15 శాతం తగ్గుతుంది. జనవరి ఉదయం చూసిన క్లైంబ్ మే మధ్యాహ్నం రాదు.

ఇద్దరు పెద్దమనుషులు, నిండు ట్యాంకులతో 152 ఎక్కితే బరువు హద్దు 1,670 పౌండ్లు దాటిపోవడం చాలా సులువు. లెక్క తప్పకుండా వేయండి. దాటితే పెట్రోలు తగ్గించి సార్టీ (ఒకసారి ఎగిరి వచ్చే ప్రయాణం) చిన్నది చేయండి. లేదా ఉదయం ఏడింటికి వెళ్ళండి. విమానం లేవడం లేదని యోక్ (చేతి స్టీరింగ్) ముందే లాగడం ఇక్కడి తప్పు. లాగితే ముక్కు లేస్తుంది, విమానం లేవదు. లేచినా ఎక్కలేక రన్‌వే చివర చెట్ల వైపు తేలుతూ పోతుంది.

కాగితంలో: రన్‌వే సగం దగ్గరికి వచ్చేసరికి లేచే వేగంలో 70 శాతం రావాలి. 172ఎస్ 55 నాట్లకి లేస్తుంది కాబట్టి సగం దగ్గర 38, 39 కనిపించాలి. లేకపోతే థ్రాటిల్ మూసి, బ్రేక్. ఆ సగం ఎక్కడో టాక్సీ చేస్తున్నప్పుడే (నేల మీద విమానాన్ని నడుపుకుంటూ వెళ్తున్నప్పుడే) ఒక గుర్తు పెట్టుకోండి.

4. పెట్రోలు: కళ్ళతో చూడండి, చేత్తో కొలవండి, ముక్కుతో వాసన చూడండి

గేజీని నమ్మకండి. రెక్క ఎక్కి డిప్‌స్టిక్ దించండి. 152లో వాడగలిగేది సుమారు 93 లీటర్లు, 172ఎస్‌లో 200. ట్రైనింగ్ సార్టీల్లో 152 గంటకి దాదాపు 23 లీటర్లు తాగుతుంది. 172ఎస్‌కి 38 వేసుకుంటే లెక్క గట్టి వైపు ఉంటుంది. డిప్ 100 లీటర్లు చూపించింది, సార్టీ గంటన్నర అనుకుందాం. 57 పోతే 43 మిగలాలి. గంటకు పైగా నిలవ ఉన్నట్టు. పగటి విజువల్ ఫ్లైట్‌కి అంతర్జాతీయ ప్రమాణం 30 నిమిషాల నిలవే. నేను గంటకు తగ్గనివ్వను. రన్‌వే మీద ఇంకో విమానం టైరు పేలి ఆగిపోతే మీరు గాల్లో ఎదురు చూడాలి కదా.

తర్వాత నీళ్ళు. వానాకాలంలో బయట నిలబెట్టిన విమానం ట్యాంకు మూత రబ్బరు కాస్త ఎండినా లోపలికి నీళ్ళు దిగుతాయి. ప్రతి డ్రెయిన్ (ఇంధనం అడుగు నుంచి తీసే చిన్న కవాటం) నుంచి పట్టండి. 172ఎస్‌లో మొత్తం 13 ఉన్నాయి. నాలుగు పట్టి చాలనుకునేవాళ్ళు ఎక్కువ. నీళ్ళు బరువు కాబట్టి కప్పు అడుగున ముత్యంలా నిలుస్తాయి. కనబడితే రెక్కలు ఊపి, కాసేపు ఆగి మళ్ళీ పట్టండి. శుభ్రంగా వచ్చేదాకా పట్టాల్సిందే. ఎన్నిసార్లు పట్టినా వస్తుంటే ఆ విమానం ఇవాళ ఎగరదు. ఇంజనీరుకి చెప్పండి.

ఇక్కడ మంచి విద్యార్థులు కూడా మోసపోయే చోటు ఒకటుంది. కప్పు మొత్తం నీళ్ళే వస్తే అడుగున గీత కనిపించదు. అంతా తేటగా ఉంటుంది, "క్లీన్" అనుకుంటారు. అందుకే రంగు చూడాలి. 100ఎల్ఎల్ (ఈ విమానాల పెట్రోలు, అంటే అవ్‌గ్యాస్) లేత నీలం. తెల్లకాగితం వెనక పెట్టి చూస్తే తెలుస్తుంది. రంగు లేకపోతే నీళ్ళు కావచ్చు, జెట్ ఇంధనం కలిసి ఉండవచ్చు. ఒక చుక్క కాగితం మీద వేయండి. అవ్‌గ్యాస్ ఆరిపోతుంది. జెట్ ఇంధనం జిడ్డు మరక వదులుతుంది.

కాగితంలో: డిప్ ఎంత, లెక్క ప్రకారం తిరిగి వచ్చాక ఎంత ఉండాలి, ఏ టైముకి నేల మీద ఉండాలి.

5. విమానం చుట్టూ తిరిగేటప్పుడు

చెక్‌లిస్ట్ చేతిలో ఉండాలి, ఫోన్ జేబులో ఉండాలి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. కంట్రోల్ లాక్ (యోక్ కదలకుండా పెట్టే పిన్ను) తీశారా, పిటో (వేగం కొలిచే గొట్టం) కవర్ తీశారా, పిటో గొట్టంలో కందిరీగ గూడు పెట్టిందా, ఇంజిన్ కౌలింగ్‌లో పిచ్చుక గడ్డి పేర్చిందా, టో బార్ (విమానాన్ని లాగే కడ్డీ) ముందు చక్రానికే ఉండిపోయిందా చూడండి. 172ఎస్‌లో ఆయిల్ 5 క్వార్టుల కన్నా తక్కువుంటే స్టార్ట్ చేయకూడదు. ప్రొపెల్లర్‌ను ఎప్పుడూ తిరగబోతున్నదానిలాగే చూడండి. కీ తీసేసి ఉన్నా సరే.

ఇంకొకటి, సీటు. సెస్నాలో సీటు పట్టాల మీద జరుగుతుంది. పిన్ను సరిగ్గా రంధ్రంలో పడకపోతే టేకాఫ్‌లో థ్రాటిల్ తోయగానే సీటు జారి వెనక్కి పోతుంది. పడిపోకుండా మీరు పట్టుకునేది యోక్‌నే. ముక్కు నిటారుగా లేస్తుంది, కాళ్ళు రడ్డర్‌కి (ముక్కును పక్కకు తిప్పే పెడల్‌కి) అందవు. ఇలా ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. కూర్చున్నాక పాదాలతో ముందు నుంచి నెట్టి, నడుముతో వెనక్కి ఊగి చూడండి. రన్‌వే ఎక్కే ముందు మళ్ళీ ఒకసారి. పొట్టిగా ఉన్నవాళ్ళు దిండు వాడితే అది జారకుండా ఉండాలి.

6. టేకాఫ్‌కి ముందు బిగ్గరగా చెప్పండి

మ్యాగ్నెటో (ఇంజిన్‌కు స్పార్క్ ఇచ్చే పరికరం, రెండుంటాయి) చెక్ 172ఎస్‌లో 1800 ఆర్పీఎం దగ్గర. ఒక్కోదానికి తగ్గుదల 150 లోపు, రెండింటి మధ్య తేడా 50 లోపు ఉండాలి. 152లో 1700 దగ్గర, 125 లోపు. హద్దు దాటితే వెనక్కి టాక్సీ చేయండి. "నిన్న కూడా ఇంతే ఉంది" అన్న మాటను లెక్కలోకి తీసుకోవద్దు.

తర్వాత నోటితో, వినబడేలా చెప్పుకోండి: "సగం దగ్గర 38 రాకపోతే ఆపుతాను. రన్‌వే మిగిలుండగా ఇంజిన్ ఆగితే నేరుగా దిగుతాను. 1,000 అడుగుల లోపు ఆగితే వెనక్కి తిరగను. ముక్కు దించి, 68 నాట్లు, ఎదురుగా కుడికీ ఎడమకీ 30 డిగ్రీల లోపు కనిపించే పొలం." ఇది 172ఎస్‌కి. 152 గ్లైడ్ (ఇంజిన్ లేకుండా జారుతూ దిగే) వేగం 60 నాట్లు.

వెనక్కి తిరిగితే ఏమవుతుంది అని అందరూ అడుగుతారు. లెక్క చూడండి. 68 నాట్ల దగ్గర 30 డిగ్రీల వంపుతో సగం చుట్టు తిరగడానికే దాదాపు 20 సెకన్లు. తిరిగేసరికి రన్‌వే మీకు 430 మీటర్లు పక్కన ఉంటుంది. దాని మీదకు రావడానికి ఇంకా తిరగాలి, మళ్ళీ ఎదురు తిరిగి సర్దుకోవాలి. పైగా ఇంజిన్ ఆగిందని మెదడు ఒప్పుకోవడానికే మూడు నాలుగు సెకన్లు పోతాయి. 500 అడుగుల నుంచి ఇది సాధ్యం కాదు. ఎలాగైనా అందుకోవాలని వంపు పెంచి, ముక్కు లాగినవాళ్ళు రన్‌వే చేరకముందే స్టాల్ అవుతారు. ఎదురుగా ఉన్న వరిమడిలో రెక్కలు సమంగా, తక్కువ వేగంతో దిగితే విమానం పోవచ్చు, మీరు బతికే అవకాశం చాలా ఎక్కువ.

7. 152లో కార్బ్ హీట్: "మన దగ్గర మంచెక్కడిది?"

ఈ మాట ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు అంటారు. కార్బ్ హీట్ అంటే కార్బ్యురేటర్‌లోకి వేడి గాలి పంపే నాబ్. కార్బ్యురేటర్‌లో పెట్రోలు ఆవిరవుతూ గాలిని 30 డిగ్రీలకు పైగా చల్లార్చగలదు. బయట 25 డిగ్రీలుండి గాలి తేమగా ఉంటే కార్బ్యురేటర్ గొంతులో మంచు కట్టడానికి అది చాలు. తేమ ఎక్కువుంటే 38 డిగ్రీల్లో కూడా సాధ్యమే. థ్రాటిల్ తగ్గించి దిగుతున్నప్పుడు ఇంకా సులువు. వానాకాలం, కోస్తా గాలి, తెల్లవారుజాము, ఇవన్నీ దానికి అనుకూలం.

గుర్తు ఏమిటంటే మీరు థ్రాటిల్ ముట్టుకోకుండానే ఆర్పీఎం మెల్లగా జారుతుంది. వెంటనే కార్బ్ హీట్ పూర్తిగా లాగండి. అప్పుడు ఆర్పీఎం ఇంకా పడి, ఇంజిన్ దగ్గినట్టు కొట్టుకుంటుంది. కరిగిన మంచు నీళ్ళు ఇంజిన్‌లోకి పోతున్నాయన్నమాట. భయపడి హీట్ మళ్ళీ లోపలికి తోసేయడం ఇక్కడ అందరూ చేసే తప్పు. లాగి ఉంచండి. కాసేపట్లో ఆర్పీఎం పైకి వస్తుంది. 172ఎస్‌కి ఇంజెక్షన్ ఇంజిన్ కాబట్టి ఈ నాబ్ ఉండదు.

8. బేస్ నుంచి ఫైనల్ మలుపు

ఇక్కడ తొందరపడకుండా రెండుసార్లు చదవండి. బేస్ అంటే రన్‌వేకి అడ్డంగా సాగే దారి, ఫైనల్ అంటే రన్‌వేకి ఎదురుగా దిగే చివరి దారి.

బేస్‌లో ఉండగా వెనక నుంచి గాలి తోస్తోంది. అనుకున్నదానికన్నా ముందే రన్‌వే గీత (రన్‌వే మధ్య గీతను ముందుకు పొడిగించిన ఊహా రేఖ) దాటిపోతున్నారు. వంపు పెంచాలనిపిస్తుంది. నేల దగ్గర వంపు పెంచడానికి భయం. అప్పుడు కాలు దానంతటదే లోపలి రడ్డర్ నొక్కుతుంది, ముక్కును రన్‌వే వైపు లాగడానికి. రెక్క ఇంకా వాలుతుంటే చేయి దాన్ని ఎదురు ఐలెరాన్‌తో (రెక్కను పైకీ కిందికీ వంచే పలకతో) ఆపుతుంది. ముక్కు కిందికి పోతుంటే యోక్ లాగుతారు. ఇవన్నీ తెలియకుండానే, మూడు సెకన్లలో జరిగిపోతాయి. లోపలి రెక్క ముందు స్టాల్ అయ్యి విమానం అటు తిరగబడుతుంది. ఆ మలుపులో ఎత్తు 500, 600 అడుగులు. స్పిన్ (స్టాల్ అయ్యి గింగిరాలు తిరుగుతూ పడటం) నుంచి బయటపడటానికి అంత ఎత్తు చాలదు.

అంకెల్లో చూద్దాం. 172ఎస్ ఫ్లాప్స్ (తక్కువ వేగంలో రెక్కకు సాయపడే వెనక పలకలు) దించకుండా స్టాల్ అయ్యే వేగం 48 నాట్లు. 45 డిగ్రీల వంపులో ఎత్తు నిలబెడితే అది 57. 60 డిగ్రీల్లో 68. మీరు ఫైనల్‌కి వచ్చే వేగం ఎంత? 65. అంటే ఆ వంపులో, ఆ వేగానికి, విమానం ఎగరలేదు.

చేయాల్సినవి:

- బేస్ మలుపుకి ముందు గాలి ఎటు నుంచో నోటితో చెప్పండి. వెనక గాలి ఉంటే ఫైనల్ మలుపు ముందే మొదలుపెట్టండి.
- సర్క్యూట్‌లో (రన్‌వే చుట్టూ తిరిగే దారిలో) వంపు 30 డిగ్రీలు దాటకూడదు. హద్దుల కాగితంలో ఇదే పెద్ద అక్షరాలతో ఉండాలి.
- మలుపులో ఒకసారి బంతి (విమానం పక్కకు జారుతోందో చూపే పరికరంలోది) వైపు చూపు. మధ్యలో లేకపోతే బంతి ఎటుంటే ఆ కాలు నొక్కండి.
- గీత దాటిపోయారా? దాటిపోనివ్వండి. రెక్కలు సమం చేసి గో-అరౌండ్ (దిగకుండా పవర్ ఇచ్చి మళ్ళీ పైకి ఎక్కడం). గీతను వెంటాడకండి.

ఇది తెలిసిందో లేదో పరీక్షించుకోవాలంటే ఇన్‌స్ట్రక్టర్‌తో 3,500 అడుగుల మీద సాధన చేయండి. ఫైనల్ వేగంలో, అప్రోచ్ అమరికలో మలుపు తిరుగుతూ స్టాల్ హార్న్ మోగేదాకా తీసుకెళ్ళి, యోక్ మీద లాగుడు సడలించి, రెక్కలు సమం చేసి, పవర్ ఇవ్వండి. ఎన్ని అడుగులు పోయాయో రాసుకోండి. ఆ అంకెను 500తో పోల్చి చూస్తే ఎవరూ చెప్పక్కర్లేదు. సోలోలో ఇది ప్రయత్నించకూడదు.

9. ఫ్లేర్, బౌన్స్

ఫ్లేర్ అంటే చక్రాలు తగిలే ముందు ముక్కు కాస్త ఎత్తి దిగే వేగం తగ్గించడం. కానీ చాలా ల్యాండింగ్‌లు చెడేది ఫైనల్‌లోనే. 65 రావాల్సిన చోట 72తో వస్తే విమానం దిగదు, తేలుతుంది. రన్‌వే కరిగిపోతుంటే విద్యార్థి దాన్ని బలవంతంగా కిందికి నెడతాడు. ముందు చక్రం మొదట తగులుతుంది. అక్కడి నుంచి ఎగిరి, మళ్ళీ ముక్కు మీద పడి, మళ్ళీ ఎగురుతుంది. సాధారణంగా మూడో గంతుకి ప్రొపెల్లర్ నేలకు తగిలి, ముందు కాలు విరిగి, ఫైర్‌వాల్ (ఇంజిన్ వెనక గోడ) వంగుతుంది.

నేను నేర్చుకునే రోజుల్లో మొదటి గంతుకే యోక్ ముందుకు తోశాను. పక్కన ఉన్న ఇన్‌స్ట్రక్టర్ నా చేయి మీద చేయి వేసి లాగకపోతే రెండో గంతు ముక్కు మీదే పడేది. ఆ రోజు అర్థమైంది, కిందికి చూస్తున్నంతసేపు చేయి ముందుకే పోతుందని. చూపు రన్‌వే చివరికి మార్చగానే చేతికి దానంతటదే నిదానం వచ్చింది.

బౌన్స్ అయితే:

- చిన్నదైతే ముక్కును ఉన్నచోటే పట్టుకోండి, కాస్త పవర్ ఇవ్వండి, మళ్ళీ మెల్లగా దింపండి.
- మనిషి ఎత్తు లేచిందా, లేక రెండోసారి గంతేసిందా, ఆలోచన వద్దు. గో-అరౌండ్.
- ముక్కును ఎప్పుడూ ముందుకు తోయకండి.

అడ్డగాలి ఉంటే చక్రాలు తగిలాక కూడా ఐలెరాన్ గాలి వైపే పెంచుతూ పోవాలి. చక్రాలు తగలగానే "అయిపోయింది" అని చేతులు వదిలేస్తారు. అప్పుడే విమానం గాలి వైపు తిరిగి రన్‌వే పక్కకు పోతుంది. టాక్సీ వేగానికి వచ్చేదాకా ఎగురుతున్నట్టే ఉండండి.

కాగితంలో: ఫైనల్ వేగం, దానికి 5 నాట్ల అటూ ఇటూ హద్దు. 300 అడుగుల దగ్గర వేగం, సెంటర్‌లైన్, దిగే కోణం మూడూ కుదరకపోతే గో-అరౌండ్. రన్‌వే మొదటి మూడో వంతులో చక్రాలు తగలకపోతే గో-అరౌండ్.

10. గో-అరౌండ్ సరిగ్గా చేయండి

అన్ని మెట్లకూ ఇదే దారి కాబట్టి ఇది చేతికి అలవాటు కావాలి. క్రమం: పూర్తి థ్రాటిల్, 152 అయితే కార్బ్ హీట్ లోపలికి, కుడి రడ్డర్, ముక్కు పట్టుకోండి, ఫ్లాప్స్ 20కి, ఎక్కడం మొదలయ్యాక మిగతా ఫ్లాప్స్ మెల్లగా.

ల్యాండింగ్‌కి ట్రిమ్ చేసి (యోక్ మీద చేతి బరువు అక్కర్లేకుండా సర్ది) ఉన్న విమానంలో పూర్తి పవర్ ఇస్తే ముక్కు గట్టిగా పైకి లేస్తుంది. దాన్ని ఆపడానికి యోక్ ముందుకు బలంగా నెట్టాల్సి వస్తుంది. ఇది ముందే తెలియనివాళ్ళు ఆశ్చర్యంలో ఉండగానే వేగం పడిపోతుంది. కంగారులో ఫ్లాప్స్ ఒక్కసారిగా సున్నాకి తీయడం రెండో తప్పు. విమానం కూర్చుండిపోతుంది. రేడియో చివర. టవర్ ఆగుతుంది.

11. చేయకూడనివి, చిన్నవే

సొంత ఊరి మీదుగా వెళ్తూ ఇల్లు చూడాలని కిందికి దిగకండి. జనావాసాల మీద 1,000 అడుగులు, మిగతా చోట్ల 500 కనీసం. పొలాల మీద హైటెన్షన్ తీగ దగ్గరికి వచ్చేదాకా కంటికి కనిపించదు. తీగను వెతకకండి, స్తంభాలను వెతకండి. ఇన్‌స్ట్రక్టర్‌తో ఉన్నప్పుడు "యూ హావ్ కంట్రోల్", "ఐ హావ్ కంట్రోల్" అనే మాటలు ప్రతిసారీ పూర్తిగా అనండి. ఎవరు నడుపుతున్నారో ఇద్దరికీ తెలియని రెండు సెకన్లు ఫ్లేర్‌లో చాలా ఎక్కువ. చూపు పది పాళ్ళలో ఎనిమిది పాళ్ళు అద్దం బయటే ఉండాలి. ట్యాబ్లెట్ మీద కాదు.

సరిగ్గా చేస్తున్నారో లేదో చూసుకోవడం

దిగగానే మళ్ళీ డిప్ వేయండి. బయలుదేరే ముందు రాసిన అంకెకి 5 లీటర్ల లోపు తేడా ఉంటే మీ లెక్క బాగుంది. పదిహేను తేడా వస్తే మీ కొలతలో గానీ, మిక్స్చర్ (గాలి, పెట్రోలు పాళ్ళు) వాడకంలో గానీ, విమానంలో గానీ ఏదో ఉంది. కనిపెట్టేదాకా వదలకండి.

ప్రతి ల్యాండింగ్‌కి నాలుగు గడులు రాయండి: 300 అడుగుల దగ్గర వేగం, మలుపులో ఎక్కువలో ఎక్కువ వంపు, ఎక్కడ తగిలింది, బౌన్స్ ఉందా. జ్ఞాపకం మీద ఆధారపడొద్దు, ఆగిన వెంటనే రాయండి. పది ల్యాండింగ్‌లయ్యాక కాగితం తీసుకుని ఇన్‌స్ట్రక్టర్ దగ్గర కూర్చోండి. వేగం ఎప్పుడూ ఎక్కువ వైపే ఉంటే, మీకు స్టాల్ భయం ఉంది, దానికి వేరే సార్టీ కావాలి. ఎప్పుడూ సెంటర్‌లైన్‌కి ఎడమ వైపే తగులుతుంటే, కూర్చున్న తీరు చూడాలి.

ఇంకొక గడి కూడా ఉండాలి. గో-అరౌండ్‌లు ఎన్ని? ఇరవై ల్యాండింగ్‌లలో ఒక్కటీ లేకపోతే నేను మెచ్చుకోను. ఆ విద్యార్థితో మరుసటి సార్టీలో మంచి అప్రోచ్ మధ్యలోనే "వెళ్ళు" అంటాను. చేయి థ్రాటిల్ మీదకు ఎంతసేపటికి వెళ్ళిందో చూస్తాను.

హద్దులు మార్చాలనిపిస్తే నేల మీద, ఇన్‌స్ట్రక్టర్ ఎదుట, పాత అంకె కొట్టేసి పక్కన కొత్తది రాసి తేదీ వేయండి. గాల్లో మార్చకండి. ఈ ఉదయం అడ్డగాలి 9 ఉండి మీ కాగితంలో 6 ఉంటే, ఇవాళ డ్యూయల్ (ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి) సార్టీ అడగండి.